ఒకే ఇంట్లో రెండు ఆదివారాలు

తమ్ముణ్ణి మట్టి చేసిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం అమ్మ గుడిలో గట్టిగా ఏడ్చింది.

మాది తిరుపతిలో ఒక బాప్టిస్టు గుడి. అక్కడ ఎవరైనా ఏడిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తారు. ప్రార్థన అయినా అంతే, ఒకరు చేస్తుంటే మిగతావాళ్లు తలవంచుకుని వింటారు. ఆ రోజు రెండో కీర్తన ఎత్తారు. తమ్ముడు ఆ గుడిలో తబలా వాయించేవాడు. వాయించేవాడు లేక తబలాల మీద గుడ్డ కప్పి గోడ వారగా పెట్టి ఉన్నారు. అమ్మ చూపు వాటి మీద పడింది. "నా కొడకా, నా బంగారు కొడకా" అని బెంచీ మీద నుంచి కిందికి జారిపోయింది.

పాట ఆగలేదు. వెనకనున్న పెద్దావిడ అమ్మ భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకో తల్లీ, దేవుని సన్నిధి గదా, ఊరుకో" అంది. ఇంకొకామె, నేను కలిసి అమ్మను బయటికి తీసుకొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టి నీళ్లు తాగించాం. వాళ్లంతా మంచివాళ్లు. తమ్ముడు పోయిన రోజు నుంచి మా పొయ్యి వెలగనివ్వకుండా మూడు పూటలా అన్నం తెచ్చిపెట్టినవాళ్లు. మెట్ల మీద కూర్చున్న మాకు లోపలి నుంచి నాయన గొంతు వినిపిస్తూనే ఉంది. గుడిలో పాట ఎత్తేది ఆయనే. అమ్మ కాసేపు విని నా వైపు తిరిగింది.

"మీ నాయన పాడతానే ఉండాడు సూడు" అంది.

నాయన వాళ్లది గూడూరు వైపు. మూడు తరాల నుంచి బాప్టిస్టులు. ఆయన బస్సు కండక్టరు, తిరుపతి చిత్తూరు మధ్య తిరిగేవాడు. సంఘంలో పెద్ద. టికెట్లు కొట్టేటప్పుడు ఎంత గట్టిగా అరిచేవాడో ఇంట్లో అంత మెల్లగా మాట్లాడేవాడు. అమ్మది ఐరాల దగ్గర ఒక పల్లె. పెళ్లయిన కొత్తలో నాయన గుడిలోనే వేదిక వెనకున్న తొట్టిలో బాప్తిస్మం తీసుకుంది. తమ్ముడు చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వారమంతా అక్కడే ఉండి, శనివారం సాయంత్రం బండి మీద ఇంటికొచ్చేవాడు, ఆదివారం తబలా వాయించాలి కాబట్టి. కాయల సీజన్లో ఆ రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు నిలబడి ఉంటాయి. పూతలపట్టు దాటాక ఒక మలుపులో, వెనక లైటు లేని ట్రాక్టరును గుద్దుకున్నాడు. అప్పటికి వాడికి సంబంధాలు చూస్తున్నారు.

ఆ ఆదివారం తర్వాత అమ్మ నెల రోజులు గుడికి రాలేదు. నిద్రపోయేది కాదు. పగలంతా వంటింటి గోడకు ఆనుకుని కూర్చునేది. మా వీధి చివర ఇడ్లీలు అమ్మే ఒక అక్క ఉండేది. తెల్ల చీర, చెవులకు ఏమీ ఉండవు, పెంతెకొస్తు గుడికి పోయే ఆమె. రోజూ గిన్నెలో నాలుగు ఇడ్లీలు తెచ్చి అమ్మ ముందు పెట్టి వెళ్లేది. దేవుడి మాట ఎత్తేది కాదు. ఒక శుక్రవారం మాత్రం, "అక్కా, ఉపాస ప్రార్థన ఉండాది, ఊరికే వచ్చి కూర్చో. నువ్వేం చెయ్యాల్సిన పన్లేదు" అంది. అమ్మ ఏమనుకుందో, లేచి చీర మార్చుకుంది. భయమేసి నేనూ వెంట వెళ్లాను.

రేణిగుంట రోడ్డు పక్కన రేకుల షెడ్డు అది. చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చోవాలి. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. మా గుడిలో కలిసినప్పుడు "వందనాలు" అంటాం. ఇక్కడ అందరూ "ప్రైజ్ ద లార్డ్ అక్కా" అన్నారు. పాట మొదలయ్యేసరికి డ్రమ్ముల మోతకు రేకులు అదిరాయి. పాట అయిపోయాక ప్రార్థన. ఒకరు కాదు, అందరూ ఒక్కసారిగా, ఎవరి గొంతుతో వాళ్లు, చేతులెత్తి అరుస్తూ. కొందరు అన్యభాషలని, ఆత్మ పలికిస్తుందనే ఎవరికీ అర్థంకాని మాటలు మాట్లాడారు. నాకు అదంతా చెవుల్లో పోటులా ఉంది. అమ్మ నోరు తెరిచింది. తమ్ముడి పేరు పెట్టి పిలిచింది. ఎందుకు తీసుకుపోయినావని దేవుణ్ణి నిలదీసింది. నేల మీద చేతులతో కొట్టింది. ఎవరూ తిరిగి చూడలేదు, ఎవరూ ఊరుకోమనలేదు. పక్కనున్న ఇడ్లీ అక్క కూడా ఏడుస్తోంది. ఆమె ఎవరి కోసం ఏడుస్తోందో నేను ఎప్పుడూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి అమ్మ నిద్రపోయింది. నాయన డ్యూటీ నుంచి వచ్చి, ఆమె పడుకుని ఉండటం చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు.

అట్లా మా ఇంట్లో ఆదివారం రెండుగా చీలింది. ఇద్దరూ ఒకేసారి తయారయ్యేవాళ్లు. ఇద్దరి చేతుల్లో ఒకటే రకం బైబిలు, నల్ల అట్ట. వీధి మూల వరకు కలిసి నడిచి, అక్కడ నాయన ఎడమకు, అమ్మ షేర్ ఆటో కోసం కుడికి. మా ఎదురింటి రెడ్డెమ్మ ఇది చూసి ఒకసారి నాయనను అడిగేసింది.

"రెండూ ఏసుసామి గుళ్లే గదప్పా? మొగుడూ పెండ్లామూ ఒకే గుడికి పోతే ఏం పోతాది?"

"మీకు మాత్రం కొండ మీద ఒక సామి, కింద ఒక సామి లేరా తల్లీ?" అని నాయన నవ్వి తప్పించుకున్నాడు.

కానీ ఆ ప్రశ్న ఆయన్నూ తొలిచినట్టే ఉంది. ఆ రోజు భోజనం దగ్గర మెల్లగా మొదలుపెట్టాడు. "నిండా నీళ్లలో ముంచితేనే బాప్తిస్మమని మనమూ అంటాము, వాళ్లూ అంటారు. పసిబిడ్డల నెత్తిన నీళ్లు సల్లేది మనకూ లేదు, వాళ్లకూ లేదు. అదే రొట్టె, అదే ద్రాక్షరసం. మన గుడిలో లేని దేవుడు ఆడ ఏముండాడే?"

"దేవుడు ఆడా ఈడా ఒగడే. నేను కాదనలేదే."

"మరి ఆ అరుపులేంది? ఎవురికీ తెలీని ఆ మాటలేంది? అట్లడిగితేనే ఇంటాడా ఆయన?"

అమ్మ చెయ్యి అన్నంలో ఆగిపోయింది. "బిడ్డ పోయినాక నా కాడ మాటలు యాడుండాయి? మీ గుడిలో మాటలు కావల్ల. సక్కంగా, ఒగదాని ఎనక ఒగటి రావల్ల. నాకు రావడంలేదయ్యా" అంది.

నాయన ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. మా గుడి ఆరాధన గడియారం చూసినట్టు అయిపోయేది. నాయన ముందు ఇల్లు చేరి, అన్నం వండి, కోడికూర పొయ్యి మీద పెట్టి, అమ్మ వచ్చేవరకు తినకుండా కూర్చునేవాడు. అమ్మ వాళ్లకు దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలు, వాక్యం, చేతులుంచి ప్రార్థన అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటిపోయేది. ఆమె గుమ్మంలోకి రాగానే "అయిందా?" అనేవాడు. "అయింది, నువ్వు తినలేదా ఇంకా?" అనేది. ఇద్దరూ కలిసి తినేవాళ్లు. కొన్నేళ్లు అట్లానే గడిచాయి. నేను పెళ్లై చిత్తూరు వచ్చేశాను.

అమ్మ మొదట కమ్మలు తీసేసింది, తర్వాత ముక్కుపుడక. వాళ్లలో నగ పెట్టుకోరు. మా బాప్టిస్టు ఆడవాళ్లు పెళ్లిళ్లకు ఒంటినిండా పెట్టుకుంటారు, తాళి అయితే ఎవరూ తియ్యరు. మా అమ్మ తాళిబొట్టు మీద చిన్న సిలువ ఉండేది. నేను పుట్టింటికి వచ్చి ఉన్న ఒక ఉదయం, నాయన డ్యూటీకి బయల్దేరుతుంటే అమ్మ తాళి తీసి ఆయన ముందు పెట్టింది.

"నీ మీద కోపం గాదయ్యా. బంగారం మీద మనసుండగూడదని అనుకున్నాను, అంతే."

నాయన దాన్ని చూశాడు. "నేను బతికుండంగానేనా?" అన్నాడు. ఆయన దాన్ని రుమాల్లో కట్టి బీరువాలో పెట్టి, టికెట్ల సంచి భుజానికి వేసుకుని వెళ్లిపోయాడు. ఆ నెలలోనే సంఘ పెద్దగా ఉండటం మానుకున్నాడు. ఎవరూ అడగలేదు. "నా ఇంటిదాన్నే నిలుపుకోలేనోణ్ణి, సంఘానికేం జెప్తాను" అని ఆయనే దిగిపోయాడు. పాట ఎత్తడం మాత్రం మానలేదు.

రిటైరయిన కొన్నాళ్లకు ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబు అనుకున్నాం. తర్వాత మింగడం కష్టమైంది. గొంతులో పుండు అని, అది మంచిది కాదని తేలింది. ఆస్పత్రిలో రేడియేషన్ కరెంటు పెట్టారు, మందులు రాశారు. అమ్మ ఒక్క మాత్ర కూడా తప్పనివ్వలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, పెంతెకొస్తు ఆమె కాబట్టి ప్రార్థనే చాలని మందులు మాన్పించి ఉంటుందని తర్వాత మా బంధువులే అన్నారు. అది అబద్ధం. మాత్రలు పొడి చేసి, గంజిలో కలిపి, స్పూనుతో ఆమే తాగించేది. తాగించాక ఆయన గొంతు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది.

ఒక ఆదివారం సాయంత్రం, నేను తిరుపతిలోనే ఉన్నప్పుడు, మా గుడి అయ్యగారు చూడటానికి వచ్చారు. పెద్దాయన, నన్ను తొట్టిలో ముంచింది ఆయనే. మంచం పక్కన కూర్చుని, కాపరి గురించిన కీర్తన చదివి, రెండు నిమిషాలు ప్రార్థన చేశారు. నీ చిత్తమైతే స్వస్థపరచు తండ్రీ, కాకపోతే భరించే శక్తి ఇవ్వు అని. ఆయన కళ్లు తెరిచేసరికి గుమ్మంలో అమ్మ వాళ్ల పాస్టరు, ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. ఆ పాస్టరు కుర్రవాడు. పాస్టరు కాకముందు ఆటో తోలేవాడట. అందరూ పాస్టరన్న అనేవాళ్లు. పెద్దాయన ప్రార్థన అయ్యేవరకు లోపలికి అడుగు పెట్టలేదు.

"అయ్యా, నేనూ ఒక మాట ప్రార్థన చేసుకోవచ్చునా?" అని అడిగాడు.

"చెయ్యి నాయనా, నన్నడగాల్నా?" అని అయ్యగారు లేచి కుర్చీ ఇచ్చారు.

పాస్టరన్న కూర్చోలేదు. మంచం దగ్గర మోకరించి, నాయన నుదుటికి నూనె రాసి, గట్టిగా మొదలుపెట్టాడు. వెంట వచ్చినవాళ్లూ గొంతు కలిపారు. అతను నిజంగా ఏడుస్తున్నాడు. చొక్కా తడిసిపోయింది. చివరకు నాయన రెండు చేతులూ పట్టుకుని, "అన్నా, నువ్వు లేస్తావు. నాకు ప్రభువు చూపించినాడు. ఈ క్రిస్మస్‌కు నువ్వు నిలబడి పాడతావు. ఆమెన్ అను అన్నా" అన్నాడు.

అయ్యగారు కళ్లు మూసుకునే ఉన్నారు. అమ్మ నాయన ముఖంలోకి చూస్తోంది. తమ్ముడు పోయిన తర్వాత ఆమె ముఖంలో అంత ఆశ నేను చూడలేదు. నాయన ఒకసారి ఆమె వైపు చూసి, ఉన్న గొంతంతా కూడదీసుకుని "ఆమెన్" అన్నాడు.

అందరూ వెళ్లాక నేను గంజి తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. "ఆ పిల్లోడు మంచోడే పాపా. నేను మీ అమ్మ మొగం సూసి అన్నాను ఆ మాట. దేవుని ముందర అబద్ధమాడినట్లయితాదేమో."

"కాదులే నాయనా" అన్నాను. ఇంకో స్పూను గంజి నోటికి అందించాను.

అమ్మ మరుసటి రోజే వెళ్లి క్రిస్మస్‌కు ఆయనకు చొక్కా గుడ్డ కొని కుట్టడానికి ఇచ్చింది. నాయన క్రిస్మస్ దాకా ఉండలేదు. ఒకరోజు తెల్లవారుజామున, అమ్మ కాఫీ తెచ్చేలోపల పోయాడు. నేను చిత్తూరు నుంచి చేరేసరికి ఇంటినిండా జనం. అమ్మ మంచం పక్కన కూర్చుని ఆయన గుండె మీద చెయ్యి పెట్టి ఉంది. దవడకు గుడ్డ కట్టబోతే కట్టనివ్వలేదట.

"ఉండండి, లేస్తాడు. క్రిస్మస్‌కు పాడతాడని చెప్పినాడు గదా" అంటోంది. ఏడవడం లేదు. ఎవరికీ ఆమెతో మాట్లాడే ధైర్యం లేదు. అయ్యగారు వచ్చి నేల మీద ఆమె పక్కనే కూర్చున్నారు. వాక్యం చెప్పలేదు, ప్రార్థన చెయ్యలేదు. ఆమెతోపాటు కూర్చున్నారు, అంతే. ఎండ ముంగిట్లోకి వచ్చాక అమ్మ నెమ్మదిగా చెయ్యి తీసింది. "సల్లబడిపోయినాడయ్యగారూ" అంది. తర్వాత నా వైపు చూసి, "ఆ కొత్త చొక్కా టైలరు కాడ ఉండాది, తెప్పించు మే" అంది.

స్నానం చేయించాక తాళి తీసే మాట వచ్చింది. మా వాళ్లలో ఇంకా ఆ పద్ధతి పోలేదు. అమ్మ మెడ చూసి, ఐరాల నుంచి వచ్చిన మా పెద్దమ్మ అందరికీ వినబడేటట్టు అనేసింది. "తీసేదానికి ఏముండాదమ్మా ఈడ? బతికుండంగానే తీసి పారేసిందే మహాతల్లి." అమ్మ విన్నది. చెయ్యి మెడ దగ్గరికి పోయి, ఖాళీగా ఉన్న చోట ఆగింది. అప్పుడు కూడా ఏడవలేదు.

మట్టి చెయ్యడం మా గుడి పద్ధతిలోనే జరిగింది. శ్మశానంలో అయ్యగారు నాయనకు ఇష్టమైన పాత కీర్తన ఎత్తారు. అమ్మ వాళ్ల గుడివాళ్లు కొంచెం ఎడంగా నిలబడి ఉన్నారు. వాళ్లకూ ఆ పాట వచ్చు. రెండో చరణానికి వాళ్లూ అందుకున్నారు. అలవాటు మీద కొందరి చేతులు చప్పట్లకు లేచి, చుట్టూ చూసి దిగిపోయాయి. పాస్టరన్న పాడలేదు. గుంత దగ్గరికి రాలేదు.

అక్కడే నాయనతో కలిసి పనిచేసిన ఒక డ్రైవరు నన్ను పక్కకు పిలిచాడు. "పాపా, నీకు తెలుసో లేదో. ఆ పూతలపట్టు మలుపు వచ్చే ముందర మీ నాయన పనంతా వదిలేసి వెనక డోరు కాడికి పోయి నిలబడతాండె. నాకు అద్దంలో కనపడేది. ఏడిస్తే ఏడుస్తాడులే అని ఆడికి వస్తానే నేను హారన్ కొట్టుకుంటా పోతాంటి, జనాలకు ఇనబడకుండా" అన్నాడు.

ఇన్నేళ్లు, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ. ఆ మాట నేను అమ్మకు కొన్నాళ్లు చెప్పలేకపోయాను. చెప్పినప్పుడు ఆమె, "నాతో ఒగసారన్నా అనుంటే, ఇద్దరం ఒగే కాడ ఏడ్చుంటాము" అంది.

నాయన పోయాక కూడా అమ్మ కొన్ని వారాలు షెడ్డుకు వెళ్లింది. ఒక శుక్రవారం ఎవరో సాక్ష్యం చెబుతూ, ఇంట్లో అందరికీ విశ్వాసం ఉంటేనే స్వస్థత నిలుస్తుంది, సగం విశ్వాసం పనికిరాదు అన్నారట. అమ్మ గురించి కాదేమో. అమ్మ మాత్రం మధ్యలోనే లేచి వచ్చేసింది. మా బాప్టిస్టు ఆడవాళ్లు ఇంటికొచ్చి పిలిస్తే ఒక ఆదివారం అక్కడికీ వెళ్లింది. అందరూ ప్రేమగా చేతులు పట్టుకున్నారు. పాట ఇంకెవరో ఎత్తారు. ఆమె ఆ పాట అయ్యేదాకా కూర్చుని, ప్రార్థనకు తలలు వంచినప్పుడు బయటికి వచ్చేసింది.

పాస్టరన్న ఒక్కసారి ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. గుమ్మం దగ్గరే నిలబడి, "అక్కా, ప్రభువు చూపించినాడని చెప్పినాను. నాకు కనపడింది నిజమే. అది ఆయన చూపించిందో, నా ఆశ చూపించిందో తెలీలా" అన్నాడు. అమ్మ అతన్ని లోపలికి పిలిచి అన్నం పెట్టింది. "నువ్వు ఏడ్చినావు గదప్పా మా ఆయన కోసరం. అది సాలు" అంది. అతను తలెత్తకుండా తిన్నాడు.

ఇప్పుడు అమ్మ చిత్తూరులో మాతోనే ఉంటోంది. ఇక్కడా రెండు రకాల గుళ్లూ ఉన్నాయి. ఏ గుడికి పోదామని మొదట్లో అడిగాను. "యాడికీ వొద్దులే మే, మీరు పోయిరాండి" అంటుంది. ఆదివారం తలస్నానం చేసి, తెల్ల చీర కట్టుకుని, మేము వచ్చేసరికి వంట చేసి ఉంచుతుంది.

ఈమధ్య ఇడ్లీ అక్క ఫోన్ చేసి, పాస్టరన్న చిన్నబిడ్డకు జ్వరం తగ్గడం లేదని చెప్పింది. అమ్మ రోజంతా ఏదో ఆలోచిస్తూ ఉండి, సాయంత్రం నన్ను పిలిచి అతనికి ఫోన్ కలపమంది.

"ఆస్పత్రిలో చూపించినావా నాయనా? మందులు సక్కంగా పోయండి. నేను ప్రార్థన చేస్తాలే" అని పెట్టేసింది.

పెట్టేశాక కుర్చీలో అట్లాగే కూర్చుంది. కాసేపటికి, "చేస్తానని చెప్పేసినాను. ఎట్ల చెయ్యల్లో తెలీడంలేదు పాపా" అంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. అమ్మ కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతాయేమోనని చూశాను. కదల్లేదు. ఆమె కళ్లు తెరిచేదాకా నేను లేవలేదు.